ఏ పాపం

హైమవతికి పొద్దున్నే కాఫీతోపాటు నాలుగు చావువార్తలు చదవడం అలవాటు. అలవాటంటే ఆమె ఒప్పుకోదు, ఉద్యోగం అంటుంది. కొంత నిజమే. చావువార్తల కింద జనం ఏం రాస్తారో చూడడమే ఆమె ఉద్యోగం. కానీ ఆదివారాలు కూడా చదివేది మరి.

ఆ రోజు ఆదివారమే. ఒక చేత్తో ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ రెండో చేత్తో ఫోన్ జరుపుతుంటే, ‘సంపులో పడి మూడేళ్ళ చిన్నారి మృతి’ అన్న శీర్షిక కనిపించింది. ఆ యాప్‌లో శీర్షిక కిందే కామెంట్ పెట్టే గడి ఉంటుంది. లోపలికి వెళ్ళి వార్త చదవాల్సిన శ్రమ లేదు. హైమ బొటనవేలు ‘పా’ అని కొట్టిందో లేదో, ఫోనే ‘పాపం’ అని అందించింది. దాన్ని నొక్కి, పంపించి, కిందికి జరిపింది. కింద టమాటా ధరల సంగతి ఉంది. దాన్ని మాత్రం తెరిచి పూర్తిగా చదివింది.

ప్లేటు ఖాళీ కాకముందే మురహరి ఫోన్ చేశాడు. మురహరి ఆమె చెల్లెలు వకుళ భర్త. మామూలుగా అయితే ఆదివారం పదింటిదాకా లేవని మనిషి.

“వదినగారూ, బుజ్జమ్మ...” అన్నాడు. వెనకాల ఎవరో ఆడమనిషి గుండెలు బాదుకుంటోంది. “సంపులో పడిపోయిందండీ. మీరు రండి” అన్నాడు.

తార్నాక నుంచి బోడుప్పల్ వరకు ఆటోలో హైమ ఏడుస్తూనే ఉంది. ఇందాక చూసిన వార్త తన చెల్లెలి కూతురు బుజ్జమ్మదే అన్న సంగతి ఉప్పల్ దాటాక తట్టింది. తాను దాని కింద ఏదో రాసిందన్న సంగతి అప్పటికీ గుర్తు రాలేదు.

జరిగింది ఇదీ. తెల్లారగట్ట నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. సంపులో పైపు వేసి నింపి, డ్రైవర్ మూత వెయ్యకుండానే వెళ్ళిపోయాడు. అది ఇనప మూత, వకుళ ఒక్కత్తీ ఎత్తలేదు. మొగుడు నిద్రపోతున్నాడు. “మూత వెయ్యకుండా పోయావేం బాబూ, పిల్ల తిరిగే ఇల్లు, వెనక్కి రా” అని డ్రైవర్‌కి ఫోన్ చేసింది. సిగ్నల్ సరిగ్గా లేక గేటు దాకా వెళ్ళింది. ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తిరిగి చూసేసరికి పిల్ల లేదు.

మూత గురించి మాట్లాడుతుండగానే పిల్ల పోయింది. ఈ సంగతి వార్తలోకి ఎక్కలేదు. మధ్యాహ్నానికి శీర్షిక మారింది. ‘ఫోన్‌లో తల్లి.. సంపులో బిడ్డ’ అయింది. ఆ శీర్షిక పెట్టినవాడు మంచి పనిమంతుడే అయుంటాడు. పొద్దున్న వందల్లో ఉన్న కామెంట్లు సాయంత్రానికి వేలల్లోకి పోయాయి.

పసిపిల్లలకి కర్మలుండవు. సాయంత్రమే తీసుకెళ్ళి పూడ్చిపెట్టి వచ్చారు. చిన్నదినం, పెద్దదినం అంటూ ఏవీ లేవు గనక, మర్నాటి నుంచి వచ్చి కూర్చునే మనిషీ లేడు. పెద్దవాళ్ళు పోతే పదిరోజులపాటు ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతుంది. పనివల్ల, పోట్లాటల వల్ల ఏడుపు కాస్త మరుపున పడుతుంది. పిల్ల పోయిన ఇంట్లో మర్నాడే కుక్కర్ కూత వినిపిస్తుంది. వకుళ ఆ కూత విని చెవులు మూసుకుంది.

మూడో రోజున కూడా ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మురహరి ఆమె ముఖం చూడడం లేదు. అన్నం పెట్టుకుని తింటాడు, ప్లేటు కడుక్కుంటాడు, వరండాలోకి వెళ్ళి కూర్చుంటాడు. వకుళ సంపు మూత వైపే చూస్తూ ఉంది. ఇప్పుడు దానికి తాళం వేసి ఉంది. ఆ తాళం వైపు ఆమె చూసే చూపు చూస్తే హైమకి భయం వేసింది. చెల్లెలు కూడా దక్కదేమో అనిపించింది.

అప్పుడే హైమ లాబ్ నుంచి పట్టీ తెచ్చింది.

హబ్సిగూడలో ఆమె పనిచేసే లాబ్‌లో ఆ పట్టీకి ‘ఊరట’ అని పేరు పెట్టారు. చూడ్డానికి చేతి గడియారం పట్టీలాగే ఉంటుంది, లోపలివైపు మెత్తటి పొర. దుఃఖంలో ఉన్నవాళ్ళ మణికట్టుకి కడతారు. వాళ్ళ వార్త కింద ఎవరైనా జాలిపడి ఒక మాట రాస్తే, ఆ పొర వెచ్చబడి, మనిషి చెయ్యి పట్టుకున్నట్టు బిగుస్తుంది. ఎంత వెచ్చగా, ఎంత గట్టిగా అన్నది రాసినవాడి వేలు చెబుతుంది. ఫోన్ అద్దాన్ని వేలు ఎంత ఒత్తింది, వేలికొసన నాడి ఎలా కొట్టుకుంది అన్నది ఫోన్‌కి తెలుసు. ఎంత అన్నది వేలు చెబితే, ఏమిటన్నది మాట చెప్పాలి. ఏ మాట జాలి, ఏ మాట కాదు అని యంత్రానికి నేర్పడం హైమ పని. తెలుగు ఎమ్మే చదివి యంత్రాలకి భాష నేర్పుతున్నానని ఆమెకి కొంచెం గర్వం కూడా.

‘పాపం’ అన్న మాట దగ్గర లాబ్ పెద్ద పరాంకుశం గారు ఒకసారి ఆగారు. “దీనికి రెండర్థాలు కదమ్మా?” అన్నారు. హైమ నవ్వేసింది. “చావు దగ్గర ఎవరైనా రెండో అర్థంతో అంటారా సార్? మనవాళ్ళ నోట్లో పాపమంటే జాలే” అంది. అంతటితో ఆ మాట ఖాయమైపోయింది. అన్నిటికన్నా ఎక్కువమంది రాసేదీ ఆ మాటే.

కట్టుకున్నవాళ్ళకి ఒకటే నియమం. కామెంట్లు చదవకూడదు. వకుళ ఫోన్‌ని హైమ ముందే మురహరి చేతికిచ్చి దాచిపెట్టమంది.

“చెయ్యి ఇలా ఇయ్యవే” అని పట్టీ కట్టింది. ఓ నిమిషం ఏమీ లేదు. తరవాత వకుళ ఉలిక్కిపడి మణికట్టు వైపు చూసుకుంది.

“ఎవరక్కా?”

“జనం. బుజ్జమ్మ గురించి చదివినవాళ్ళు. నీకోసం బాధపడుతున్నారు.”

“నన్ను తిట్టట్లేదూ?”

“ఎందుకు తిడతారే?”

“ఆయన తిడుతున్నారుగా.”

“మురహరా? ఏమన్నాడు?”

“ఏమీ అనట్లేదు” అంది వకుళ. “అదే.”

పట్టీ మళ్ళీ బిగిసింది. వకుళ రెండో చేత్తో దాన్ని పట్టుకుని, గోడకి జారగిలబడి, పిల్ల పోయాక మొట్టమొదటిసారి బిగ్గరగా ఏడ్చింది. ఆ మధ్యాహ్నం పెరుగన్నం నాలుగు ముద్దలు తింది. మర్నాడు తల దువ్వుకుంది. ఎదురింటి అనసూయమ్మ కిటికీలోంచి చూసి, “మంచిగైతున్నవ్ బిడ్డా, గట్లనే తినాలె” అంది. హైమకి ప్రాణం లేచొచ్చింది. తన చదువు ఇన్నాళ్ళకి తన ఇంట్లో అక్కరకొచ్చిందనుకుంది.

ఆ తరవాత రోజూ లాబ్ నుంచి బోడుప్పల్ వెళ్ళి కాసేపు కూర్చునేది. వకుళ పట్టీ సంగతులే చెప్పేది. “పొద్దున్న ఒకరొచ్చారక్కా. ఎంత గట్టిగా పట్టుకున్నారనుకున్నావ్! మగవాళ్ళనుకుంటా. మన నాన్న బజార్లో రోడ్డు దాటించేటప్పుడు పట్టుకునేవాడు చూడు, అలా” అనేది. పేరు తెలీనివాళ్ళందరికీ ఆమె మనసులో ముఖాలు పెట్టుకుంది. సంపు వైపు చూడడం మానేసింది.

ఆ వారమే పరాంకుశం గారు హైమని తన గదిలోకి పిలిచారు. ఆయన ముఖంలో సంతోషమూ, సంతోషపడుతున్నందుకు సిగ్గూ రెండూ ఉన్నాయి.

“ఇలాంటప్పుడు అడగకూడదనుకో. కానీ మీ చెల్లెలి పట్టీకి వచ్చినంత బలం ఇంతవరకు ఎవరి పట్టీకీ రాలేదు హైమా. మిగతావాళ్ళకి ఆ జాలి ఎంత పల్చగా ఉంటుందంటే, మనం పదింతలు పెంచితే గానీ చేతికి తెలియదు. ఈ అమ్మాయికి పెంచనక్కర్లేకుండానే తెలుస్తోంది. ఎందుకో ఒకసారి చూడు” అన్నారు.

హైమ తన బల్ల దగ్గరికొచ్చి, అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న చేతుల్ని వరసగా తెరిచింది. ఇన్నాళ్ళూ వేళ్ళ లెక్కలు చూసిందే తప్ప, ఆ వేళ్ళు రాసిన మాటలు పూర్తిగా చదవడానికి ఆమెకి మనసొప్పలేదు.

‘తల్లిదే ఈ పాపం. ఏడు జన్మలెత్తినా పోదు.’

‘కన్నబిడ్డ కన్నా ఫోనే ఎక్కువైంది. ఈ పాపం ఊరికే పోదు, చూస్తూ ఉండండి.’

‘పాపం చేసింది తల్లి, అనుభవించింది పసిది. ఇలాంటిదానికి మళ్ళీ కడుపు పండకూడదు.’

బూతులు రాసినవాళ్ళని యంత్రం గడప దగ్గరే ఆపేసింది. పద్ధతిగా, దేవుణ్ణి తలుచుకుని శపించినవాళ్ళందరూ లోపలికి వచ్చేశారు. వాళ్ళ వేళ్ళు అద్దం పగిలేలా ఒత్తాయి. నాడులు పరుగులు తీశాయి. నాన్న చెయ్యిలా పట్టుకున్నవాడు ‘కడుపు పండకూడదు’ అన్నవాడే.

హైమ అక్కడితో ఆగలేదు, పట్టీ కట్టకముందు వచ్చినవాటితో సహా అడుగుదాకా వెళ్ళింది. నిజంగా జాలితో రాసినవాళ్ళు అక్కడ ఉన్నారు. ఓంశాంతులు, దణ్ణం బొమ్మలు, ఏడుపు ముఖాలు. లిఫ్ట్ బటన్ నొక్కేటప్పుడు కూడా మనిషి వేలు అంతకన్నా గట్టిగా ఒత్తుతుంది. అక్కడక్కడా ఒకళ్ళిద్దరు, బహుశా బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళేమో, నిండుగా ఉన్నారు. మిగతావాళ్ళ మాటల వెనక దాదాపు ఏమీ లేదు. వాళ్ళందరికన్నా కింద, బొత్తిగా సున్నా చూపిస్తూ ఒకే ఒక్క మాట కనిపించింది. ‘పాపం’. రాసినవారు: హైమవతి.

జీడిపప్పు, టమాటా ధర అప్పుడు గుర్తొచ్చాయి.

పరాంకుశం గారు ఆమె భుజం మీదుగా అంతా చదివారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“శాపనార్థాల్ని ఓదార్పని చెప్పి చేతికి కట్టామమ్మా. ఇంకా ఎన్ని ఇళ్ళల్లో కట్టుకుని ఉన్నారో నీకు తెలుసు. ఇవాళే సరిచేద్దాం. వాక్యం మొత్తం చూసి గానీ పాపాన్ని లోపలికి రానివ్వకూడదు.”

“సరిచేస్తే దాని చెయ్యి చల్లబడిపోతుంది సార్.”

“అది మన తప్పు.”

“అది చచ్చిపోతుంది. మీరు దాన్ని చూడలేదు. సంపు మీద తాళం వైపు ఎలా చూసేదో చూడలేదు.”

“అబద్ధం పట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతుందమ్మా?”

“బతికినన్నాళ్ళు బతకనివ్వండి!” అని హైమ అరిచింది. ఆయన మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అదే హైమకి ఇంకా కష్టమైంది. “సాయంత్రం దాకా ఆగుతాను. ఈలోపు వెళ్ళి దగ్గర కూర్చో. పట్టీ నువ్వే విప్పేసెయ్, ఏదో ఒకటి చెప్పు” అన్నారు.

హైమ వెళ్ళింది. ఉప్పల్ దగ్గర రోడ్డు తవ్వి పెట్టారు. బస్సు కదలదు, దిగిపోదామంటే ఆటో దొరకదు. సాయంత్రమైంది. ఆయన మాట ఇచ్చినంతసేపూ ఆగి, తరవాత తన పని తాను చేశారు. బోడుప్పల్‌లో గేటు తీసేసరికి వకుళ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒడిలో తన ఫోన్ ఉంది. బీరువా మీద మురహరి దాచిన చోటు ఆమెకి ఎప్పుడో తెలుసట.

“అందరూ ఒక్కసారే వెళ్ళిపోయారక్కా” అంది వకుళ. “ఏమైందో చూద్దామని తెరిచాను.”

“వకుళా, ఇలా ఇయ్యి.”

“మొత్తం చదివేశాను. నన్ను పట్టుకున్నది వీళ్ళేనా?”

హైమ అబద్ధం చెబుదామనే వచ్చింది. చెల్లెలి ముఖం చూశాక ఆ ఆలోచన వదిలేసింది. తలూపింది.

“మరి ఇదేంటి?” అని వకుళ ఫోన్ తిప్పి చూపించింది. “ఇది ఆ రోజు పొద్దున్నే పెట్టింది. ఆయన నీకు ఫోన్ చెయ్యకముందే. నీ పేరుంది, నీ బొమ్మ ఉంది. వాళ్ళందరూ ఏ అర్థంతో అన్నారో తెలుస్తోందక్కా. నీది ఒక్కటే తెలియట్లేదు. ఒక్క మాట రాసి వదిలేశావు. ఏ పాపం?”

హైమ దగ్గర జవాబుంది. యంత్రం చెప్పిన జవాబు. జాలీ కాదు, నిందా కాదు, ఏమీ కాదు. ఆ మాట ఏ తల్లి ముఖం మీదైనా ఎలా అనగలదు? మెట్టు మీద కూలబడి వకుళ చెయ్యి పట్టుకోబోయింది.

“ముట్టుకోకు” అంది వకుళ. కోపంగా కూడా కాదు. “నీ చెయ్యి వద్దు. తిట్టినవాళ్ళే నయం. కనీసం వాళ్ళు బుజ్జమ్మ గురించి చదివారు.”

మురహరి వరండాలోంచి ఇదంతా విన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

వకుళ చాలాసేపు పట్టీని తడుముతూ కూర్చుంది. ఆ తరవాత, చిన్నప్పుడు అక్కని రిబ్బనో జడగంటలో అడిగినట్టు అడిగింది. “దీన్ని మళ్ళీ పాతలాగే చెయ్యగలవా?”

“వాళ్ళు నిన్ను శపిస్తున్నారే!”

“శపిస్తే శపించనీ. ఈ ఇంట్లో ఎవరూ అది కూడా చెయ్యట్లేదు. వాళ్ళు నన్ను పట్టుకున్నారక్కా. నేను చేసినదానికి ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి కదా. అది లేకపోతే నేను ఆ తాళం వైపే చూస్తాను. నాకు తెలుసు.”

హైమ మర్నాడు పరాంకుశం గారి ముందు నిలబడి, ఒక్క పట్టీకి పాత లెక్కే ఉంచాలని అడిగింది. ఎందుకో చెప్పింది. ఆయన కిటికీ వైపు తిరిగి, “నేను చూడలేదు” అన్నారు. హైమ తన తప్పుని తన చేత్తోనే మళ్ళీ లోపల పెట్టింది. మిగతా లోకానికంతటికీ పాపం అన్న మాటకి రెండర్థాలు. వకుళ మణికట్టుకి మాత్రం ఒక్కటే.

కానీ లోకం దగ్గర అప్పటికే ఆ పాపం అయిపోయింది. మంచిర్యాల దగ్గర బస్సు బోల్తాపడింది. గాజువాకలో ఎవరో కోడలు అత్తని ఏదో చేసింది. సంపు వార్త పదో పేజీకో, పాతాళానికో జారిపోయింది. ఒకడు రోజుకోసారి వచ్చి శపించేవాడు, వాడూ మానేశాడు. తిట్టడానికి కూడా ఓపికుండాలి, జనానికి రోజూ కొత్త తల్లి కావాలి. పట్టీ పొద్దుణ్ణుంచి పొద్దుగుంకేదాకా చల్లగా ఉంటోంది. వకుళ మళ్ళీ అన్నం మానేసింది. కుర్చీ తెచ్చుకుని, సంపు కనిపించేలా వేసుకుంది.

హైమ సెలవు పెట్టి బోడుప్పల్‌లోనే ఉండిపోయింది. అన్నం కలిపి పెడితే వకుళ తల తిప్పుకునేది. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకునేది.

ఒక పొద్దున ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ కొత్తవాడు. తాళం తీసి, మూత జరిపి, పైపు వేశాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు ఇల్లంతా వినిపించింది. వకుళ కుర్చీలోంచి లేచి నిలబడింది. హైమ పరుగున వెళ్ళి, పని అవగానే డ్రైవర్‌తో కలిసి మూత మూసి, తాళం వేసి, తాళంచెవి జాకెట్‌లో దోపుకుంది. వెనక్కి చూస్తే వకుళ ఇంకా నిలబడే ఉంది. ఆమె కళ్ళు తాళం మీద లేవు. తాళంచెవి ఉన్న చోటు మీద ఉన్నాయి.

హైమ ఇంటి వెనక పెరట్లోకి, బట్టలారేసే తీగ దగ్గరికి వెళ్ళింది. ఫోన్ తీసింది. ఆ పాత వార్తని వెతికి పట్టుకుంది. దాన్ని ఇప్పుడు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. బుజ్జమ్మ పేరు తప్పు రాశారు. వయసు సరిగ్గానే రాశారు. పసుపుపచ్చ గౌనులో ఫోటో వేశారు. ఆ గౌను కొన్నది హైమే.

కింద గడి తెరిచింది. ‘పా’ అని కొట్టగానే ఫోన్ మిగతాది అందించబోయింది. వద్దని చెరిపేసి, ఒక్కొక్క అక్షరమే కొట్టింది. బొటనవేలి గోరు తెల్లగా పాలిపోయేలా ఒత్తింది. జాలో, నిందో, ఏ అర్థంతో రాస్తోందో ఈసారి ఆమెకి తెలుసు. రెండూ ఉన్నాయి. జాలి చెల్లెలి మీద, నింద తన మీద.

‘పాపం.’

పంపించి, తీగ పట్టుకుని నిలబడింది.

“అక్కా!” అని లోపల్నుంచి కేక వినిపించింది. చాలా రోజుల తరవాత వకుళ గొంతులో ప్రాణం ఉంది. “అక్కా, ఎవరో వచ్చారే!”

హైమ తీగ మీది తువ్వాలు అందుకుంది.

“ఎవరో గానీ, ఇంత గట్టిగా ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదే” అంది వకుళ. కుర్చీ కిర్రుమంది. కూర్చున్నట్టుంది. “వెళ్ళిపోతారేమో... ఇంకాసేపు ఉంటే బాగుండు.”

హైమ ఏడుపు వినపడకుండా ఆరేసిన తువ్వాలు నోట్లో కుక్కుకుని, మళ్ళీ ‘పా’ దగ్గర మొదలుపెట్టింది.